బఫర్‌లో వెలిగిన ప్రోబ్ సీరమ్‌లో ఎందుకు మొరాయిస్తుంది: రక్తంలో ప్రోటీన్లు పట్టే ఫ్లోరోసెంట్ ప్రోబ్‌ల గురించి వివరంగా

మీరు అడిగింది ఇదీ: పీహెచ్‌డీ మొదటి ఏడాది, రక్తంలో ప్రోటీన్లు కనిపెట్టే ఫ్లోరోసెంట్ ప్రోబ్ (ప్రోటీన్ తగిలితే వెలిగే మాలిక్యూల్) చేయమని మీ సార్ ప్రాజెక్ట్ ఇచ్చారు, మీరు ఒక డోనార్-యాక్సెప్టార్ డై (ఒక చివర ఎలక్ట్రాన్లు ఇచ్చే, ఇంకో చివర తీసుకునే భాగమున్న రంగు) తయారుచేశారు, పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌లో బీఎస్ఏ (ఆవు సీరమ్ అల్బుమిన్) కలిపితే నలభై రెట్లు వెలుగుతోంది, కానీ అదే డైని వంద రెట్లు పలచన చేసిన మనిషి సీరమ్‌లో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) వేస్తే, అందులోని ముఖ్యమైన ప్రోటీన్ అల్బుమిన్ ఎక్కువున్న శాంపిల్‌కీ తక్కువున్న శాంపిల్‌కీ పెద్ద తేడా రావట్లేదు, బ్యాక్‌గ్రౌండ్ కూడా ఒక్కో శాంపిల్‌కి ఒక్కోలా ఉంది. ఇది ఎప్పటికైనా కిట్ అవుతుందా, లేకపోతే టార్గెట్ మార్చుకోవాలా అన్నది రెండో ప్రశ్న. నేను చాలా ఏళ్ళు ఫ్లోరిమీటర్ (వెలుగు కొలిచే మెషిన్) ముందు కూర్చుని తర్వాత డయాగ్నస్టిక్స్ వైపు వచ్చినవాణ్ణి కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీ డై మంచిదే. అందులో అనుమానం పెట్టుకోకండి. సమస్య డైలో లేదు, రక్తంలో ఉంది. నా లెక్కలో ఈ ఫీల్డ్‌లో వెలుగు పుట్టించడం తేలిక, అక్కర్లేని వెలుగుని ఆపడమే అసలు పని, దాన్ని మొదటి రోజు నుంచే లెక్కలోకి తీసుకోకపోతే రెండేళ్ళు బఫర్‌లోనే గడిచిపోతాయి.

ముందు ఆ నలభై రెట్లు ఎందుకు వస్తోందో చూద్దాం. మీ మాలిక్యూల్‌లో ఒక చివర డైఅల్కైల్ అమైన్, ఇంకో చివర యాక్సెప్టార్ ఉన్నాయి కదా, నీళ్ళలో ఉన్నప్పుడు అది ఎక్సైట్ అవ్వగానే మధ్యలో బాండ్ మెలితిరిగి తీసుకున్న శక్తిని వేడి రూపంలో పారేస్తుంది, అందుకే చీకటిగా ఉంటుంది, అల్బుమిన్ లోపలి జిడ్డు సందులో ఇరుక్కుంటే తిరగడానికి చోటు ఉండదు, చుట్టూ నీళ్ళూ ఉండవు, కాబట్టి ఆ శక్తి వెలుగుగా బయటికొస్తుంది. కొత్త సంగతేం కాదు ఇది, 1954లోనే వెబర్, లారెన్స్ అనే ఇద్దరు ఏఎన్ఎస్ అనే డైతో ఇదే చూపించారు, నీళ్ళలో దాదాపు కనిపించని డై సీరమ్ అల్బుమిన్ తగలగానే 470 నానోమీటర్ల దగ్గర నీలంగా వెలిగింది. 2001లో బెన్ ఝాంగ్ టాంగ్ గ్రూపు గుంపుకడితే వెలిగే మాలిక్యూల్స్‌ని చూపించాక ఆ దారిలో కూడా బోలెడన్ని అల్బుమిన్ ప్రోబ్‌లు వచ్చాయి. అంటే నీళ్ళంటే పడని, మెలితిరగగల ఏ డై అయినా అల్బుమిన్‌తో ఎంతోకొంత వెలుగుతుంది, ఎందుకంటే అల్బుమిన్ ఉద్యోగమే అది, నీళ్ళలో కరగని వాటిని మోసుకు తిరగడం. ఫ్యాటీ యాసిడ్లు, బిలిరుబిన్, సగం మందులు అన్నీ దాని మీదే ప్రయాణం చేస్తాయి. కాబట్టి మీ డై అల్బుమిన్‌ని గుర్తుపట్టింది అనడం కన్నా అల్బుమిన్ మీ డైని పట్టుకుంది అనడం కరెక్ట్.

ఇప్పుడు మీ సీరమ్ రీడింగ్ ఎందుకు కదలట్లేదో లెక్క వేసి చూపిస్తా, ఇది కాగితం మీద వేసుకుంటే సగం దిగులు పోతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి సీరమ్‌లో అల్బుమిన్ లీటర్‌కి 35 నుంచి 50 గ్రాములు, 40 అనుకుందాం, దాని మాలిక్యులర్ బరువు సుమారు 66,500, అంటే దగ్గర దగ్గర 600 మైక్రోమోలార్. మీరు 100 రెట్లు పలచన చేశారు, 6 మైక్రోమోలార్ మిగిలింది. డై మీరు వేసింది 1 మైక్రోమోలార్. డిసోసియేషన్ కాన్‌స్టంట్ (డై ఎంత తేలిగ్గా విడిపోతుందో చెప్పే కొలత) సుమారు 1 మైక్రోమోలార్ అనుకుంటే ఆ డైలో 84 శాతం ఆల్రెడీ అల్బుమిన్ మీద ఉంది. ఇప్పుడు అల్బుమిన్ సగానికి పడిపోయిన పేషెంట్ శాంపిల్ తీసుకోండి, 3 మైక్రోమోలార్, ఇక్కడ కూడా 70 శాతం డై బైండ్ అయ్యే ఉంటుంది. అల్బుమిన్ సగమైతే మీ సిగ్నల్ తగ్గింది ఆరో వంతు మాత్రమే, అది మీ పైపెట్ తేడాలోనూ బ్యాక్‌గ్రౌండ్ తేడాలోనూ కలిసిపోతుంది. అదే సీరమ్‌ని 2000 రెట్లు పలచన చేసి డై 10 మైక్రోమోలార్ వేయండి, అల్బుమిన్ 0.3 ఉంటే బైండ్ అయ్యేది 0.27, అల్బుమిన్ 0.15 అయితే బైండ్ అయ్యేది 0.136, సగానికి సగం పడింది, గీత గీసినట్టు లీనియర్. అంటే డై ఎప్పుడూ ప్రోటీన్ కన్నా చాలా ఎక్కువ ఉండాలి, అలా ఉండాలంటే ఖాళీగా తిరిగే డై పూర్తిగా చీకటిగా ఉండాలి, అందుకే ఎన్ని రెట్లు వెలిగింది అన్న నంబర్ కన్నా ఖాళీ డై ఎంత చీకటి అన్నది ముఖ్యం. ఇంకోటి, 10 మైక్రోమోలార్‌లో మీ డై బఫర్‌లో విడిగా కరిగి ఉందా, చిన్న చిన్న ముద్దలు కట్టిందా అని అబ్జార్ప్షన్ స్పెక్ట్రం తీసి చూసుకోండి, గాఢత పెంచే కొద్దీ పీక్ ఆకారం మారుతుంటే ముద్దలు కడుతున్నట్టే.

బ్యాక్‌గ్రౌండ్ సంగతి. ఒక పని చేయండి, మీ ల్యాబ్‌లో టీఎల్‌సీ చూసే 365 యూవీ ల్యాంప్ ఉంటుంది కదా, దాని కింద ఉత్త సీరమ్ ట్యూబులు, ఏ డై కలపనివి, వరసగా పెట్టి చూడండి. తేటగా లేత గడ్డిరంగులో ఉన్న ట్యూబు నీలం కలిసిన పచ్చగా మెరుస్తుంది, పక్కనే కామెర్లవాళ్ళ సీరమ్, చిక్కటి పసుపు, దాని తీరు వేరేలా ఉంటుంది, తీసేటప్పుడు సూది దగ్గర ఎర్రకణాలు పగిలి గులాబీరంగు తేలిన ట్యూబు మసకగా కనిపిస్తుంది, భోంచేసి వచ్చినవాళ్ళ సీరమ్ పాలలా తెల్లగా ఉండి వెలుగుని నాలుగు పక్కలా చెదరగొడుతుంది. ఒక్క డై చుక్క పడకముందే నాలుగు ట్యూబులు నాలుగు రకాలు. హిమోగ్లోబిన్ 415 నానోమీటర్ల దగ్గర కాంతిని గట్టిగా మింగుతుంది, మళ్ళీ 540, 577 దగ్గర రెండు పీక్‌లు, బిలిరుబిన్ 460 దగ్గర, ట్రిప్టోఫాన్ అనే అమైనో యాసిడ్ ఉన్న ప్రతి ప్రోటీనూ 280లో కొడితే 340 దగ్గర వెలుగుతుంది. మీ డై ఎక్సైటేషన్ 420 అని రాశారు. నా సలహా, వీలైతే డై స్కెలిటన్ మార్చి ఎక్సైటేషన్‌ని 600 దాటించండి, 650 దాటితే ఇంకా హాయి, అక్కడ హిమోగ్లోబిన్ పెద్దగా అడ్డురాదు. సయనిన్లు, స్క్వరైన్లు, ఎర్ర బోడిపీలు లాంటి డైలని ఆ కారణంగానే అంతమంది చేస్తున్నారు.

ఇన్నర్ ఫిల్టర్ ఎఫెక్ట్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర వచ్చే పేపర్లలో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే కనిపిస్తాయి. శాంపిల్ లోపలికి వెళ్ళే కాంతిని కొంత, బయటికొచ్చే కాంతిని కొంత ఆ ద్రావణమే మింగేస్తుంది, ఫ్లోరిమీటర్‌కి అది తెలీదు, తక్కువ వెలిగింది అని చూపిస్తుంది. సరిదిద్దే సూత్రం సింపుల్: ఎక్సైటేషన్ దగ్గర అబ్జార్బెన్స్, ఎమిషన్ దగ్గర అబ్జార్బెన్స్ కలిపి సగం చేసి, 10కి అంత ఘాతం వేసి, ఆ వచ్చినదాంతో రీడింగ్‌ని గుణించాలి. ఒకటి 0.4, ఇంకోటి 0.2 అనుకోండి, కలిపి సగం 0.3, 10కి 0.3 ఘాతం అంటే దాదాపు 2. అంటే అసలు వెలుగులో సగమే మీకు కనిపించింది! అబ్జార్బెన్స్ 0.1 లోపు ఉంచుకుంటే ఈ గొడవ చాలా తగ్గుతుంది. ఫలానా మందు అల్బుమిన్‌తో బైండ్ అవుతుంది, ట్రిప్టోఫాన్ క్వెంచ్ అయింది (వెలుగు తగ్గింది) అని స్టెర్న్-వోల్మర్ ప్లాట్ (వెలుగు ఎంత తగ్గిందో చూపే గీత) గీసి రాసే పేపర్లు వందల్లో ఉన్నాయి, వాటిల్లో కొన్నిటిలో ఆ మందు 280 దగ్గరో 340 దగ్గరో తనే మింగుతున్న కాంతిని క్వెంచింగ్ అనుకున్నారు. మీరు ఆ లెక్క చూపించకుండా పేపర్ పంపితే మంచి రివ్యూయర్ అయితే అక్కడే ఆపేస్తాడు, ఆపాలి కూడా.

బీఎస్ఏ మానేయండి. చవగ్గా దొరుకుతుందని అందరూ దాంతోనే మొదలెడతారు, తప్పేం లేదు, కానీ మీ ప్రాజెక్ట్ మనిషి రక్తం మీద. ఆవు అల్బుమిన్‌లో ట్రిప్టోఫాన్‌లు రెండు, మనిషి అల్బుమిన్‌లో ఒక్కటే, 214వ స్థానంలో, పాకెట్లు కూడా అచ్చంగా ఒకలా ఉండవు, కొన్ని డైలు ఒకదాంతో భలేగా వెలిగి ఇంకోదాంతో వెలగవు. ఎచ్ఎస్ఏ (మనిషి సీరమ్ అల్బుమిన్) కొనేటప్పుడు ఫ్యాటీ యాసిడ్ తీసేసినదీ, తీయనిదీ రెండూ కొనండి, రెండిట్లో మీ సిగ్నల్ తేడా వస్తే ఫ్యాటీ యాసిడ్లు మీ డైతో సీటు కోసం పోటీ పడుతున్నట్టు. పరగడుపున ఉన్న మనిషికీ తిన్న మనిషికీ రక్తంలో ఫ్యాటీ యాసిడ్లు మారిపోతాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

నన్నడిగితే మొత్తం అల్బుమిన్ ప్రోబ్ లిటరేచర్‌లో అందరూ దాటేసి వెళ్ళే పాయింట్ ఒకటుంది. అల్బుమిన్‌లో మందులు ఎక్కువగా కూర్చునే చోట్లు రెండు, సడ్లో సైట్ వన్, సైట్ టూ అంటాం, వార్ఫరిన్ మొదటిదాంట్లో, ఐబుప్రొఫెన్ రెండోదాంట్లో. మీ డై ఎక్కడ కూర్చుందో తెలుసుకోవడానికి వీటిని కలిపి వెలుగు తగ్గిందా అని చూస్తారు, తగ్గితే సైట్ తెలిసింది అని సంతోషంగా ఒక ఫిగర్ వేసుకుంటారు. అక్కడితో ఆగకుండా ఇంకో అడుగు ఆలోచించండి. ఆసుపత్రిలో అల్బుమిన్ ఎవరికి కొలుస్తారు? లివర్ పేషెంట్లకి, కిడ్నీ పేషెంట్లకి, ఐసీయూలో ఉన్నవాళ్ళకి. లివర్ పేషెంట్ రక్తంలో బిలిరుబిన్ పేరుకుని అల్బుమిన్ మీద ఎక్కి కూర్చుని ఉంటుంది, కిడ్నీ ఫెయిలైనవాళ్ళలో ఇండాక్సిల్ సల్ఫేట్ లాంటివి సైట్ టూని ఆక్రమిస్తాయి, ఐసీయూ పేషెంట్‌కి పది రకాల మందులు నడుస్తుంటాయి. అంటే అల్బుమిన్ తక్కువుందా లేదా అని ఎవరి దగ్గర తెలియాలో సరిగ్గా వాళ్ళ దగ్గరే మీ డైకి సీటు దొరకదు, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. కాబట్టి ఆ వార్ఫరిన్ ఫిగర్ మీ ప్రోబ్ బలాన్ని చూపించేది మాత్రమే కాదు, దాని బలహీనతని కూడా చూపిస్తోంది, రెండూ రాయండి. 2000 రెట్ల పలచన ఇక్కడ కూడా కొంత కాపాడుతుంది, గట్టిగా పట్టుకోనివి పలచనలో విడిపోతాయి, డై ఎక్కువ ఉంటుంది కాబట్టి సీటు గెలుచుకుంటుంది, అయినా బిలిరుబిన్ గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి కామెర్ల సీరమ్‌లో చెక్ చేయకుండా వదలొద్దు.

ఇక కిట్ అవుతుందా అంటే, సీరమ్ అల్బుమిన్‌కి నా జవాబు సూటిగా: కష్టం. ఎందుకంటే మన ఊళ్ళలో చిన్న ల్యాబ్‌లో కూడా బ్రోమోక్రెసాల్ గ్రీన్ అనే రంగు పద్ధతిలో అల్బుమిన్ చేస్తారు, మామూలు ఎనలైజర్, రీజెంట్ చాలా చవక. దానికి లోపం లేదని కాదు, అల్బుమిన్ బాగా తక్కువున్నప్పుడు గ్లోబ్యులిన్‌లు అనే మిగతా ప్రోటీన్లని కూడా కలుపుకుని ఎక్కువ చూపిస్తుంది, బ్రోమోక్రెసాల్ పర్పుల్ ఆ విషయంలో మెరుగు. మీ ప్రోబ్ ఆ తక్కువ రేంజ్‌లో నిజంగా బ్రోమోక్రెసాల్ గ్రీన్ కన్నా కరెక్ట్‌గా చెప్తే అది రాయదగ్గ విషయమే, కానీ ల్యాబ్ వాళ్ళు మెషిన్ మార్చుకునేంత కారణం అవ్వదు.

అదే డైని మూత్రం వైపు తిప్పండి, లెక్క మారిపోతుంది. షుగర్ పేషెంట్లకి కిడ్నీ మొదట్లో దెబ్బతింటున్నప్పుడు మూత్రంలో గ్రాము క్రియాటినిన్‌కి 30 నుంచి 300 మిల్లీగ్రాముల అల్బుమిన్ పోతుంది, దీన్నే మైక్రోఅల్బుమిన్ టెస్ట్ అంటారు. లీటర్‌కి 30 మిల్లీగ్రాములు అంటే 0.45 మైక్రోమోలార్, సరిగ్గా మీ డై లీనియర్‌గా పనిచేసే చోటు! పలచన చేయాల్సిన పని కూడా దాదాపు లేదు, మిగతా ప్రోటీన్ల గోల తక్కువ. అల్బుమిన్ బ్లూ 580 అనే డై మీద 1990ల్లోనే వోల్ఫ్‌బైస్ గ్రూపు వాళ్ళూ మిగతావాళ్ళూ ఈ పని చేసి చూపించారు, అంటే దారి ఉంది. కానీ మూత్రానికీ దాని వెలుగు దానికుంది, బి-కాంప్లెక్స్ మాత్ర వేసుకున్నాక పచ్చగా వస్తుంది చూడండి, అది రైబోఫ్లేవిన్, 450లో కొడితే 525 దగ్గర మహా జోరుగా వెలుగుతుంది. మీ 420 ఎక్సైటేషన్ డై అక్కడ నిలబడదు. మళ్ళీ ఎరుపు వైపే వెళ్ళాలి.

ఇప్పుడు రెండో రకం ప్రోటీన్లు, రక్తంలో పిసరంతే ఉండేవి, అసలు అందరూ కలలు కనేవి: ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చేది), ఐఎల్-6 (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ని సూచించేది) లాంటివి. ఇక్కడ చిన్న మాలిక్యూల్ డై నేరుగా పనిచేస్తుందని ఎవరైనా రాస్తే నేను చాలా జాగ్రత్తగా చదువుతాను. గుండెపోటు అనుమానంలో చేసే హై సెన్సిటివిటీ ట్రోపోనిన్-టి పరీక్షలో కటాఫ్ లీటర్‌కి 14 నానోగ్రాములు. మోలార్‌లోకి మార్చితే 0.4 పికోమోలార్ కూడా లేదు. అల్బుమిన్ 600 మైక్రోమోలార్. భాగించి చూడండి, ఒక్క ట్రోపోనిన్‌కి 150 కోట్ల పైన అల్బుమిన్‌లు, అంటే మన దేశ జనాభా మొత్తం ఒక మైదానంలో నిలబడితే అందులో ఒక్క మనిషిని కనుక్కోవడం. మీ డైకి ట్రోపోనిన్ మీద అల్బుమిన్ కన్నా పది లక్షల రెట్లు ఎక్కువ ఇష్టం ఉన్నా కూడా చాలదు, వచ్చే వెలుగంతా అల్బుమిన్‌దే. పైగా అల్బుమిన్‌కి చేసినట్టు ఇక్కడ పలచన చేసుకుని బ్యాక్‌గ్రౌండ్ నుంచి తప్పించుకోలేరు, ఉన్నదే పిసరంత. అందుకే ఆ లోకంలో యాంటీబాడీ తప్పదు, అదీ ఒకటి కాదు, ప్రోటీన్‌ని రెండు వేరే వేరే చోట్ల పట్టుకునే రెండు యాంటీబాడీలు, ఒకటి ప్రోటీన్‌ని పట్టి ఉంచుతుంది, మిగతా రక్తాన్నంతా కడిగేస్తారు, రెండోది వెలుగు మోసుకొస్తుంది. ఈ కడగడం అనే స్టెప్పే అసలు మహిమ, డై కాదు.

వెలుగు మోసే చోట మాత్రం కెమిస్ట్రీ వాళ్ళ తెలివి అద్భుతంగా కనిపిస్తుంది. నాకు బాగా ఇష్టమైనది యూరోపియం అనే లోహం. మామూలు డైల వెలుగు, రక్తం తన సొంత వెలుగు, ఇవన్నీ కొన్ని నానోసెకన్లలో ఆరిపోతాయి, యూరోపియం కీలేట్ (లోహాన్ని పట్టి ఉంచే మాలిక్యూల్‌తో కలిసినది) వెలుగు వందల మైక్రోసెకన్లు ఉంటుంది. కాబట్టి 340లో ఒక ఫ్లాష్ కొట్టి, 400 మైక్రోసెకన్లు ఏమీ చూడకుండా ఊరుకుని, అప్పుడు 615 దగ్గర డిటెక్టర్ తెరుస్తారు. అప్పటికి రక్తం వెలుగు పూర్తిగా ఆరిపోయి ఉంటుంది, మిగిలింది యూరోపియం ఒక్కటే. ఫిన్లాండ్‌లో టుర్కు ఊళ్ళో వాలాక్ కంపెనీ వాళ్ళు 1980ల్లో దీన్ని డెల్ఫియా పేరుతో తెచ్చారు, పుట్టిన పిల్లల మడమ దగ్గర తీసిన రక్తపు చుక్కని కాగితం మీద ఆరబెట్టి టీఎస్‌హెచ్ చూస్తారు చూడండి, థైరాయిడ్ లేక బుద్ధి ఎదగకుండా పోయే ప్రమాదం ఉన్న పిల్లల్ని ముందే పట్టుకోవడానికి, ఆ స్క్రీనింగ్‌లో ఇది చాలా దేశాల్లో వాడారు, వాడుతున్నారు. ఒక జాగ్రత్త, పర్పుల్ మూత ట్యూబులో ఈడీటీఏ ఉంటుంది, అది లోహాన్ని పట్టేస్తుంది కాబట్టి యూరోపియంని కూడా లాగేసుకోగలదు, ఏ ట్యూబులో రక్తం తీశారో అడగకుండా ఏ శాంపిలూ తీసుకోకండి. హెపారిన్ ట్యూబు అయితే పాజిటివ్ చార్జ్ ఉన్న డైలు హెపారిన్‌కే అతుక్కుంటాయి, ఇది మరీ కామన్.

మన దగ్గర చిన్న ఆసుపత్రుల్లో ఉండే విడాస్ మెషిన్ కూడా ఫ్లోరోసెన్సే, యాంటీబాడీకి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ తగిలించి ఉంటుంది, అది 4-మిథైల్ అంబెలిఫెరిల్ ఫాస్ఫేట్‌ని కోస్తే పుట్టే అంబెలిఫెరోన్ వెలుగుని 450 దగ్గర చూస్తారు. కోవిడ్ టైమ్‌లో డీ-డైమర్ అని ఊరంతా తిరిగాం కదా, ఆ రిపోర్టుల్లో కొన్ని ఇలాంటి ఫ్లోరోసెంట్ రీడర్ల మీద వచ్చినవే. 2010లో వచ్చిన సిమోవా అనే పద్ధతి అయితే దీన్ని చివరిదాకా తీసుకెళ్ళింది, ఒక్కో పూసని ఫెమ్టోలీటర్ సైజు గుంటలో బంధించి, బీటా గెలాక్టోసిడేజ్ ఎంజైమ్‌తో రెసొరుఫిన్ పుట్టించి, ఎంత వెలుగు అని కాకుండా ఎన్ని గుంటలు వెలిగాయి అని లెక్కపెడతారు. ఒక్క ఎంజైమ్ మాలిక్యూల్ ఉన్నా ఆ చిన్న గుంట నిండా వెలుగే. ఇవన్నీ గొప్పవే కానీ వీటికీ సొంత తిప్పలున్నాయి, జుట్టు ఊడుతోందని పెద్ద డోసు బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్ళ రక్తంలో బయోటిన్-స్ట్రెప్టావిడిన్ మీద నడిచే పరీక్షలు తప్పుతాయి, ట్రోపోనిన్ ఉన్నా లేనట్టు చూపించవచ్చు, 2017లో అమెరికా ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది.

ఈ రెండిటి మధ్యలో, సింథసిస్ తెలిసినవాళ్ళకి సరిగ్గా సరిపోయే మూడో దారి ఉంది, మీరు టార్గెట్ మార్చుకోవాలంటే నేను చూపించేది ఇదే: ఎంజైమ్‌లు. ఎంజైమ్ కూడా ప్రోటీనే, కానీ దాన్ని పట్టుకోనక్కర్లేదు, దాని పని చూస్తే చాలు. వెలుగు మూసి ఉంచిన మాలిక్యూల్ ఇస్తారు, ఎంజైమ్ ఆ మూత కోసేస్తే వెలుగుతుంది, ఒక్కో ఎంజైమ్ వేల మాలిక్యూల్స్‌ని కోస్తుంది కాబట్టి కొంచెం ఉన్నా సిగ్నల్ పెరిగిపోతుంది, అల్బుమిన్ ఎన్ని కోట్లున్నా కోయలేకపోతే గొడవే లేదు. రక్తం గడ్డకట్టే తీరు చూడటానికి థ్రాంబిన్ అనే ఎంజైమ్‌కి ఏఎంసీ (విడిపోతే వెలిగే డై) తగిలించిన పెప్టైడ్ వాడేది ఈ పద్ధతిలోనే, 390లో కొట్టి 460 దగ్గర చదువుతారు.

నేనైతే బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ (రక్తంలో ఉండే, ఎస్టర్ బాండ్‌ని కోసే ఎంజైమ్) తీసుకుంటాను. ఎందుకో చెప్తా. మన రెండు రాష్ట్రాల్లో పురుగుమందు తాగిన కేసులు, కొట్టేటప్పుడు ఒంట్లోకి పోయిన కేసులు ఎన్ని ఆసుపత్రులకొస్తాయో పత్తి, మిర్చి పండే ఊళ్ళవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఈ ఎంజైమ్‌ని చచ్చుబరుస్తాయి, రక్తంలో దాని యాక్టివిటీ ఎంత పడిందో చూస్తే విషం నిజంగా ఒంట్లో పనిచేసిందో లేదో డాక్టర్‌కి తెలుస్తుంది. ఇంకో కారణం కూడా మనవాళ్ళదే, ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ ఎంజైమ్ పుట్టుకతోనే లేనివాళ్ళు కనిపిస్తారు, ల్యూసిన్ 307 ప్రోలిన్‌గా మారిన మ్యుటేషన్ అని 2006లో పేపర్ వచ్చింది, మామూలు జీవితంలో వాళ్ళకి ఏ ఇబ్బందీ ఉండదు, కానీ ఆపరేషన్‌లో కండరాలు సడలించే స్కోలిన్ మందు ఇస్తే అది విరగదు, కొద్ది నిమిషాల్లో పోవాల్సిన దాని ప్రభావం గంటల తరబడి కండరాలని కదలనివ్వదు, ఊపిరి మెషిన్ మీద పెట్టాల్సొస్తుంది. ఆపరేషన్‌కి ముందు ఒక చుక్క రక్తంతో తెలిసిపోయే పరీక్ష ఎంత పనికొస్తుందో ఆలోచించండి.

ఇప్పుడు వాడేది ఎల్‌మన్ పద్ధతి, 1961 నాటిది, 412 దగ్గర పసుపు చదువుతుంది. 412! హిమోగ్లోబిన్ గట్టిగా మింగే 415 పక్కనే. ఎర్రకణాలు కొంచెం పగిలినా రీడింగ్ పాడు, అందుకే కొంతమంది 436కి జరుగుతారు. పైగా పేషెంట్‌కి అప్పటికే పామ్ (పురుగుమందు విషానికి విరుగుడు, ఆక్సైమ్ రకం మందు) ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే ఆ ఆక్సైమ్ ఈ పరీక్షలో వాడే థయోకోలిన్ ఎస్టర్‌ని తనే విరిచి యాక్టివిటీ ఉన్నట్టు భ్రమ పెట్టగలదు. 650 దగ్గర వెలిగే ఎర్ర డైకి సరైన ఎస్టర్ మూత పెడితే మొదటి సమస్య నేరుగా పోతుంది, రెండోది మాత్రం మీరు పామ్ కలిపి కంట్రోల్ చేసి చూపించాలి.

ఇక్కడ తెలియక పడే గుంటలు రెండున్నాయి. అల్బుమిన్‌కి కూడా కొంచెం ఎస్టర్ కోసే గుణం ఉంది, అదంత చురుకు కాదు గానీ అన్ని కోట్ల అల్బుమిన్‌లు కలిస్తే కనిపిస్తుంది, కాబట్టి ఉత్త ఎచ్ఎస్ఏ 600 మైక్రోమోలార్ నుంచి పలచన చేసుకుంటూ కంట్రోల్ తప్పనిసరి, ఐసో-ఓంపా అనే ఇన్‌హిబిటర్ వేసి బ్యుటిరిల్ కోలినెస్టరేజ్‌ని ఆపేశాక ఎంత మిగిలిందో అది మీ అసలు బ్యాక్‌గ్రౌండ్. రెండోది, ఎలక సీరమ్‌తో మొదలుపెట్టొద్దు. ఎలక, చిట్టెలుక రక్తంలో కార్బాక్సిల్ ఎస్టరేజ్ దండిగా ఉంటుంది, మనిషి ప్లాస్మాలో అది ఉండదు, అందుకే ఎలక సీరమ్‌లో మీ ప్రోబ్ ధగధగ వెలిగి మనిషి సీరమ్‌లో నీరసంగా కనిపిస్తుంది, ప్రోబ్ పాడైందనుకుని బెంబేలెత్తుతారు.

ఏ టార్గెట్ తీసుకున్నా డిటెక్షన్ లిమిట్‌ని బఫర్‌లో లెక్కకట్టి రాయొద్దు. బ్లాంక్ డీవియేషన్‌కి మూడు రెట్లు, స్లోప్‌తో భాగించడం, సూత్రం అందరికీ తెలుసు, కానీ ఆ బ్లాంక్ పీబీఎస్ అయితే వచ్చే నానోమోలార్ నంబర్‌కి రక్తంలో అర్థం లేదు. వేరే వేరే మనుషుల సీరమ్‌లు, తేటవీ, పసుపువీ, గులాబీవీ, పాలరంగువీ తీసుకుని, వాటిల్లో తెలిసినంత ప్రోటీన్ కలిపి తిరిగి ఎంత దొరికిందో చూడండి, అవే శాంపిల్స్ ల్యాబ్ ఎనలైజర్ మీద కూడా చేయించి రెండిటినీ పక్కపక్కన పెట్టండి. అక్కడ కనిపించే చెదురు మీ ప్రోబ్ నిజమైన గుణం. అది కొంచెం ఎక్కువగా ఉన్నా దాచకుండా వేసిన పేపర్‌నే నేను నమ్ముతాను.

చివరిగా శాంపిల్స్. మనిషి రక్తం వాడాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, ఆసుపత్రిలో టెస్ట్ అయ్యాక మిగిలిన సీరమ్ అయినా సరే, పేర్లు తీసేసి ఇచ్చినా సరే, అడగాల్సిందే, ఆ కమిటీలు ఎప్పుడో గానీ కూర్చోవు కాబట్టి డై స్కెలిటన్ మార్చడం మొదలుపెట్టిన వారమే మీ సార్‌తో సంతకం పెట్టించి దరఖాస్తు ఇచ్చేయండి. అది వచ్చేలోపు కంపెనీలు అమ్మే పూల్డ్ హ్యూమన్ సీరమ్‌తో పలచన లెక్కలు, ఇన్నర్ ఫిల్టర్, వార్ఫరిన్ పోటీ అన్నీ ముగించుకోవచ్చు. వచ్చిన శాంపిల్‌ని చిన్న చిన్న భాగాలుగా పంచి మైనస్ 80లో పెట్టండి, మళ్ళీ మళ్ళీ కరిగించి గడ్డకట్టిస్తే ఎంజైమ్ యాక్టివిటీ పడిపోతుంది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, ప్రతి సీరమ్‌లోనూ హెపటైటిస్-బి ఉందనుకునే పనిచేయండి.